మోకులు పేనిన చేయి

1824 నవంబరు 9, మంగళవారం, ఉదయం పది గంటలు. సముద్రం మీదినుండి వచ్చిన పొగమంచు డెన్మార్కు దేశపు యూట్లాండు తీరంలోని మా రేవుపట్టణాన్ని కమ్మివేయగా, పటం వ్రాయడానికి చాలినంత వెలుతురు ఇంకా కిటికీలోనికి రాలేదు. ఆ వేళ మోగెన్స్ క్రాగెలుండ్ చిత్రకారుడినైన నా గదిలోనికి వచ్చాడు. అరవైరెండేండ్లవాడు. నడుముకు జనపనార చుట్టుకొని, వెనుకకు నడుస్తూ, ముప్పైయెనిమిదేండ్లు ఓడమోకులు పేనినవాడు. పన్నెండేండ్లు పనివాండ్ర పెద్దగా ఉండి విరమించినవానికి తైలవర్ణపటం వ్రాయించి సభామందిరంలో వ్రేలాడదీయడం మోకులవారి సంఘంలో ఆచారం. పటం కోసం తొడుక్కోవలసిన నల్లకోటు సంఘాధ్యక్షుడిదే.

మోగెన్స్ కుడిచేతికి రెండు వ్రేళ్లు లేవు. చేతిని కోటులోనికి దోపుకొమ్మన్నాను. మా వృత్తిలో అది మామూలే. పైగా మర్యాద అనుకొన్నాను. ముఖం వ్రాసేంతవరకే కాబోలునని అతడు అలాగే దోపుకొన్నాడు. మూడవనాడు పటం చూచి మండిపడ్డాడు.

"నా చెయ్యేదయ్యా?"

"కోటులో ఉందిగా. చూసేవాళ్లకి బాగుండాలని..."

"వాళ్లు చూడాల్సిందే అది! నా ముక్కు చూడ్డానికా గోడకెక్కిస్తున్నారు? దాన్ని మా ఆవిడే సరిగ్గా చూడలేదు!"

అప్పుడు చెప్పాడు. మూడేండ్ల క్రిందట అధ్యక్షుడు సెవెరిన్ హోల్బెక్ తన పనిశాలలో, కొత్తమోకు నడుమ కుళ్లిన పాతనార పెట్టించాడు. తాను వద్దన్నా వినలేదు. బిగించి చూస్తుండగా మోకు తెగి తన వ్రేళ్లు తీసుకుపోయింది.

పటం చూడవచ్చిన సెవెరిన్ ఆ మాటలు వింటూనే లోనికి అడుగుపెట్టాడు.

"ఏంటి మోగెన్సూ, మంచికోటు తగిలేసరికి గొంతు లేచింది?"

"కోటు మీది, సెవెరిన్ గారూ. చెయ్యి నాది. బయటపెట్టిస్తున్నా."

"మేం విందు చేసుకునే చోట ఆ మొండిచెయ్యి ఎందుకోయ్? తిండి సయిస్తుందా?"

"కుళ్లిన నార పెట్టించిన రోజు మీకు బాగానే సయించింది! తాగి తెంపుకున్నానని ఊరంతా చెప్పారు. ఆ పొద్దున నేను తాగింది మజ్జిగ!"

"నోరు జాగ్రత్త. పటం వేయిస్తోంది మేము."

"అయితే మీ మొహమే వేయించుకోండి. కోటు కూడా మీకే అతుకుతుంది." కోటు విప్పి కుర్చీ మీదికి విసిరాడు.

సెవెరిన్ నావైపు తిరిగి, "చెయ్యి కనపడితే ఈ పటం మా గుమ్మం తొక్కదు" అని వెళ్లిపోయాడు.

మర్యాద పేరిట నేను కూడా ఆ అబద్ధానికే కుంచె పట్టానని గ్రహించి సిగ్గుపడ్డాను. "చెయ్యి బల్లమీద పెట్టు, పెద్దాయనా" అన్నాను.

"వాళ్లు తీసుకోరు."

"తెలుసు."

రంగును కత్తితో గీకివేసి, నాలుగు దినాలు ఆ చేతినే వ్రాశాను. "మచ్చ ఇంకాస్త ఎర్రగా ఉంటుందయ్యా, నాకేం మొహమాటం లేదు" అంటూ అతడు కదలక కూర్చున్నాడు.

సంఘం పటాన్ని స్వీకరించలేదు. సెవెరిన్ మరి ఆరేండ్లు అధ్యక్షుడుగా ఉన్నాడు. అతని పటం ఆ మందిరంలో రెండుచేతులతో నేటికీ ఉన్నది. మోగెన్స్ 1831 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల జబ్బుతో మరణించాడు. అతని పటం కూతురు కిర్‌స్టీన్ వంటయింట ఉన్నది. నిరుడు వేసవిలో చూచాను, పొగ పట్టింది.