కాలువ గట్టున మెరిసిన నా కుడిచెయ్యి

ఈ ఉదయం నరసరావుపేట దగ్గర సాగర్ కాలువలో మా సంఘంలోని సునీతకు బాప్తిస్మం జరిగింది. నీళ్లలోకి దిగబోతూ ఆమె తన టెన్నిస్ బ్రాస్‌లెట్ తీసింది. ఒకే వరుసలో తెల్లరాళ్లు పొదిగిన గొలుసు, పెళ్లిరోజుకు భర్త కొనిచ్చినది.

"జేబులో వేయబాకండి అయ్యగారూ, మెలిపడితే రాళ్లు ఊడతాయంట. చేతికే ఉంచుకోండి," అంటూ నా కుడిచేతికి బిగించి, పాస్టరుగారి వెంట కాలువలోకి దిగింది.

సంఘపెద్దగా నేను గట్టు మీద వాక్యం అందుకున్నాను. సోదరీమణుల చేత నగలు మానిపించాలని వారం నుంచి ప్రార్థనతో సిద్ధపడిన ప్రసంగం అది. బైబిల్లోని బంగారు దూడతో మొదలుపెట్టి, సీయోను కుమార్తెల గాజుల దగ్గరకు వచ్చేసరికి ఆవేశంతో చెయ్యి ఆకాశానికెత్తాను.

ముందు వరుసలోని దీనమ్మత్త అంది: "అయ్యగారూ, ఆ చెయ్యి కాస్త దించండి. చానా మెరుస్తాంది, కళ్లు చెదురుతున్నాయి!"

గట్టంతా నవ్వింది. తీసేద్దామంటే కొక్కెం రాదు. దాన్ని తీయడం తెలిసిన మనిషేమో అప్పుడే నీళ్లలో మునుగుతోంది. చేసేది లేక కుడిచెయ్యి వీపు వెనక దాచి, మిగతా ప్రసంగం ఎడమచేత్తో ముగించాను.

సునీత పైకొచ్చి, చేతులు తుడుచుకుని, దాన్ని చిటికెలో ఊడదీసింది. ఆమేన్ ఇంకా పూర్తిగా చెప్పనే లేదు, దీనమ్మత్త అందుకుంది: "ఏమే సునీతా, ఏ కొట్లో కొన్నావే?"

వాక్యం విత్తనం లాంటిదంటారు. నేను గట్టున చల్లింది పోయి నగల కొట్టులో మొలిచింది. మీ సంఘంలో ఇలాంటప్పుడు నగలు ఎవరి చేతికిస్తారో కాస్త చెప్పండి.