పిన్ని మరిగించిన క్లోరోఫాం

వంటింట్లో ఆడవాళ్లు చేసేదంతా సైన్సేనని పొగిడే వ్యాసాలు నాకు పడవు. మా పిన్ని వంటింట్లో సైన్సు చేయలేదు. వంట కూడా చేయలేదు. అది బాబాయి పని. ఆమె ప్రయోగాలన్నీ తమ డ్రైక్లీనింగు దుకాణం వెనక రేకుల గదిలో, కిటికీలో పెద్ద ఫ్యాను తిరుగుతుండగా జరిగేవి. రసాయనశాస్త్రంలో డిగ్రీ ఆమెది, దుకాణం అత్తవారిది.

మామగారి కాలంలో మరకలకు వాడి, విషమని తెలిశాక మానేసిన కార్బన్ టెట్రాక్లోరైడ్ సీసా ఒకటి ఆ గదిలో మిగిలింది. దాని అణువులో క్లోరిన్లు నాలుగు. ఒకదాన్ని ఊడబెరికి ఆ చోట హైడ్రోజన్‌ను కూర్చోబెడితే క్లోరోఫాం. ఇనప రజను, నీళ్లు ఆ పని చేయగలవని పిన్ని చదివింది. కొనుక్కోవచ్చు కదా అంటే, "రేడియోలో పాట వస్తోందని మనం పాడటం మానేస్తామా?" అనేది.

ఆదివారాలు ఆమెతో కలిసే ఔత్సాహికులు ఇద్దరు: మందుల షాపాయన, గడియారాలు బాగుచేసే ఆయన. వాళ్లదొక నియమం. తయారుచేసినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి, నమ్మనివాళ్లే పరీక్షించాలి. నమ్మకపోవడం మందుల షాపాయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇనప రజను, నీళ్లతో కొన్నాళ్లు ఉంచిన ద్రావకాన్ని వేరుచేసి మరిగించింది. పాత ద్రావకమైతే డెబ్భై ఏడు డిగ్రీల దగ్గర మరుగుతుంది, క్లోరోఫాం అరవై ఒకటి దగ్గర. థర్మామీటరు అరవై ఒకటి చూపించగానే పిన్ని మందుల షాపాయనకు ఫోను చేసింది.

"వచ్చేసింది! ఆదివారం రండి."

ఫోను పెట్టి ఇటు తిరిగి నాలిక కరుచుకుంది. థర్మామీటరు బుడ్డి, ఆవిరి పక్క గొట్టంలోకి మళ్లే చోటికి చాలా పైన వేలాడుతోంది. వేడి దానికి సరిగా తగలడమే లేదు. కిందికి దించింది. డెబ్భై ఏడు. పాత ద్రావకమే.

"ఆదివారం దాకా ఎవరికీ చెప్పకు. ఈలోగా ఏదో ఒకటి చేద్దువుగాని" అన్నాడు బాబాయి, గుమ్మంలోంచి.

"నాకు తెలిసిపోయిందిగా!"

మళ్లీ ఫోను చేసింది. "అన్నయ్యా, రాలేదు. బుడ్డి పైన పెట్టి మురిసిపోయాను."

మందుల షాపాయన నవ్వు బాబాయి దాకా వినిపించింది. "పిలిచావుగా చెల్లెమ్మా, వస్తాం. టీ అయినా దొరుకుతుంది."

మా వంశం గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకా రెండో ఫోను చాలు.

తప్పెక్కడో వెతికితే, ద్రావకాన్ని ఇనుముతో ఉంచిన గాజు ఫ్లాస్కులోనే దొరికింది. అడుగున ఇనుము, దానిమీద బరువైన ద్రావకం, ఆపైన నీళ్లు. మూడూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి.

"రోజంతా ఊరి బట్టలు గిరగిరా తిప్పుతావు, దీన్ని తిప్పలేదా?" అన్నాడు బాబాయి.

"దెప్పింది చాలు. ఆ పాత కుట్టుమిషను మోటారు ఇటు తెండి."

మోటారుకు గాజుకడ్డీ కట్టి, ఆదివారం దాకా వదలకుండా కలిపించింది.

ఆదివారం ఆ ద్రావకాన్ని మళ్లీ మరిగించడానికి మందుల షాపాయన థర్మామీటరు బుడ్డిని తానే అమర్చాడు. పిన్ని చేతులు కట్టుకుంది. వేళ్లు మాత్రం మోచేతుల్లోకి దిగబడ్డాయి. పాదరసం ఎక్కింది, అరవై ఒకటి దగ్గర ఆగింది. చుక్కలు రాలుతున్నాయి. ఆయన బుడ్డిని ఇంకాస్త దించి చూశాడు.

"కదలడం లేదమ్మా. ఒప్పుకున్నాను."

"అప్పుడేనా? ఈ అరవై ఒకటి నన్నొకసారి ముంచింది. చల్లారనివ్వండి. ఈసారి థర్మామీటరు గడియారాల అన్నయ్య పెడతాడు."

"మరి టీ?"

"మీ బావగారు పెడుతున్నారు. కూర్చోండి."

గడియారాలాయన కళ్లజోడు తుడుచుకుంటూ లేచాడు.