ఎదురుగాలికి నేర్పిన షాట్

ఎండ ఎవరి మీద కాయాలో నన్ను అడగని దేవునికి స్తోత్రం. అడిగి ఉంటే ఆదోనిలో ఒకడి ఇంటి మీద కాయనిచ్చేదాన్ని కాదు.

ఎమ్మిగనూరులో మా ప్రార్థనా మందిరం వెనక ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీసి, సంఘంలోని ఆడపిల్లలకు షటిల్ నేర్పిస్తాను. సాయంత్రమైతే అక్కడ పడమటి గాలి ఆగదు. భుజం గట్టిపడుతుందని పిల్లల్ని ఎప్పుడూ గాలికి ఎదురుగానే నిలబెట్టేదాన్ని. "సత్తువంతా పెట్టి కొట్టు పాపా, లేకుంటే షటిల్ నీ నెత్తి మీదికే వస్తాది" అనేదాన్ని. అందరిలోకీ గట్టిగా కొట్టేది ఒక పత్తి కూలీల బిడ్డ.

నిరుడు జిల్లా జట్టు ఎంపికకు ఆ పిల్లను ఆదోని తీసుకుపోయాను. అక్కడ ఆట నాలుగు గోడల మధ్య. పైన రేకులు, గాలి ఊసే లేదు. తల మీది నుంచి ఆమె కొట్టిన ప్రతి షాటూ వెనక గీత దాటి గోడకు తగిలింది. "మెల్లగా!" అని అరిచాను. నెలల తరబడి నేనే చేతికెక్కించిన బలం ఒక్క అరుపుతో దిగుతుందా?

అక్కడి కోచ్ అందరికీ వినపడేలా నవ్వాడు. "ఏం టీచరమ్మా, షటిల్ నేర్పినావా, వడిసెల తిప్పేది నేర్పినావా?"

"వడిసెల తిప్పిన గొర్రెల కాపరే రాజైనాడు లేప్పా, మా బైబిల్లో."

"రాజ్యం సంగతి తర్వాత. ముందు గీత లోపల కొట్టమను."

ఆట ఓడిపోయాక ఆ పిల్లను దగ్గరకు పిలిచాడు. "చేతిలో బలముంది పాపా. నెల దినాలు ఈడ నా దగ్గర నేర్చుకో, జట్టులో పెడతా. ఆయమ్మ మాత్రం ఈ గడప తొక్కకూడదు."

పిల్ల నా మొహం చూసింది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. "పోమ్మా, నేర్చుకో" అన్నాను.

నెల తిరగకముందే జట్టులోకి వచ్చింది. ఇప్పుడు రోజూ బస్సెక్కి ఆదోని పోతోంది. ఆమె తొలిసారి బ్యాట్ పట్టింది నా చేతి కింద. వాడేమో "నేను తయారుచేసిన పిల్ల" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మొన్న ఆదివారం ఆరాధనలో వాళ్లమ్మ సాక్ష్యం చెబుతూ, ఆ కోచ్‌ను బట్టి దేవునికి వందనాలు చెల్లించింది. సంఘమంతా ఆమేన్ అంది. నేను పెదవి కదపలేదు. శత్రువు కోసం ప్రార్థించాలని సండే స్కూల్లో పిల్లలకు కంఠతా పట్టించేది నేనే. వాడి కోసం మోకరిస్తే నాకు మాట పెగలడం లేదు.

మీకు వాడితో పగ లేదు గదా. ముందు మీరు ప్రార్థన మొదలుపెట్టండి, వెనక నేను అందుకుంటాను.