కూర్చున్నవాడు ఓడినట్టు

ఆదోనిలో రణమండల కొండ ఎక్కేవాళ్ళు చాలామందే ఉన్నారు. కొందరు దేవుడి కోసం ఎక్కుతారు, కొందరు షుగరు కోసం ఎక్కుతారు. మేము ముగ్గురం మాత్రం వాదించుకోవడానికి ఎక్కేవాళ్ళం. ఇంట్లో మా మాట వినేవాళ్ళు లేరు కాబట్టి రోజూ పొద్దున ఐదున్నరకు మెట్ల దగ్గర కలిసేవాళ్ళం.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళు జనాన్ని లోపలికి జరగమని అరిచిన గొంతు, ఊరికే పడి ఉండమంటే ఉండదు. రెండో ఆయన ఎమ్మిగనూరు నేతగాడు. మగ్గం మానేసి, ఆదోనిలో కూతురింటి పక్కనే ఇల్లు తీసుకుని భార్యతో ఉంటున్నాడు. ఆదోని నీళ్ళు తాగుతూ ఎమ్మిగనూరును పొగడడం ఆయన పని. మూడో ఆయన దర్జీ. మా ఇద్దరికంటే చిన్నవాడు, మేము భాయ్ అని పిలుస్తాం. ఏ గొడవలోనైనా భాయ్ తీర్పు ఒకటే: "ఇద్దరూ కరెక్టే అన్నా, నడువుండి."

సగం మెట్ల దాకా కొండ సంగతులే. నేతగాడు ఒట్టి కాళ్ళతో ఎక్కేవాడు. "కాలికి రాయి తెలియల్లప్పా. ఆ బూట్లు ఏసుకుంటే కొండ ఎక్కినట్టా, మంచం మింద పండుకున్నట్టా?" అని నన్ను ఎత్తిపొడిచేవాడు. నీళ్ళు ఎక్కేముందు తాగాలా, దిగాక తాగాలా అన్న వాదం రెండేళ్ళు నడిచింది, తేలలేదు. కోతుల కళ్ళలోకి చూడకూడదని నేను, చూడకపోతేనే మీదికొస్తాయని ఆయన. ఒకసారి ఒక కోతి భాయ్ చేతిలో సంచి లాక్కుపోయింది. భాయ్ దాని కళ్ళలోకి చూశాడా లేదా అని మేమిద్దరం వారం రోజులు కొట్లాడాం. భాయ్‌ని మాత్రం అడగలేదు.

సగం దాటాక పేపర్లో సంగతులు. కాలువకు నీళ్ళు ఎందుకు రాలేదు, మిరపకోతలకు ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు దిక్కు పోతే ఇక్కడ బడికి పోయేదెవరు, ఎక్కడో యుద్ధమైతే మన నూనె ప్యాకెట్టుకు ఏమొచ్చింది. తెలిసిన సంగతి మీద నేను నెమ్మదిగానే మాట్లాడతాను. తెలియని దాని మీదే గొంతు పెరుగుతుంది. ఆ కొండ మీద నేను నెమ్మదిగా మాట్లాడిన రోజు లేదు.

మాకో కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో గుర్తులేదు, బహుశా నేనే. వాదం నడుస్తుండగా ఎవరు మెట్టు మీద కూర్చుంటే వాళ్ళు ఓడినట్టు. నిలబడి ఆయాసపడొచ్చు, గోడ పట్టుకోవచ్చు, బూటు దారం కట్టుకుంటున్నట్టు వంగొచ్చు. పిర్ర రాయికి తగిలిందా, ఇక ఆ సంగతి మీద నోరెత్తకూడదు. గెలిచినవాడు ఓడినవాణ్ణి అక్కడే వదిలి పైకి పోయి, గుడి దగ్గర గాలి తగిలించుకుని తాపీగా రావాలి. ఇది అరవై దాటినవాళ్ళు చేసే పనేనా అని మా ఆవిడ అడిగింది. ఆమె ఎన్నడూ కొండ ఎక్కలేదు, చెప్పినా అర్థం కాదని ఊరుకున్నాను.

మూడేళ్ళలో నేను పదకొండుసార్లు కూర్చున్నాను. నేతగాడు ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆ సంగతి ఎమ్మిగనూరు పోయినప్పుడల్లా చెప్పుకునేవాడట. నాకు ఒళ్ళు మండిపోయేది.

అన్నిటికంటే పెద్దది జిల్లా వాదం. ఆదోనిని జిల్లా చేయాలని నేను. చేస్తే గీస్తే ఎమ్మిగనూరునే చేయాలని ఆయన.

"ఆడ ఏముందప్పా, సంత తప్ప?" అనేవాణ్ణి.

"ఈడేముంది? మిల్లులు మూసుకుంటిరి. మిగిలింది ఈ కొండ. కలెక్టరు వచ్చి బండల మింద కూసుంటాడా?"

"రెండూర్ల నడుమ ఉండే పెద్దకడుబూరోళ్ళను అడుగుదాం పా, యాడికి పోతారో."

"వాళ్ళు బస్సు యాడికుంటే ఆడికి పోతారు."

బస్సు మాట ఎత్తితే నాకు నోరు పడిపోతుందని ఆయనకు తెలుసు.

పోయిన ఎండాకాలానికి ముందు ఒక వారం ఆయన తీరు మారింది. నేను ఏమన్నా "సర్లేప్పా, నువ్వు సెప్పిందే" అనేవాడు. బూట్లు మంచివేనని కూడా ఒప్పుకున్నాడు. మధ్యలో ఆగి ఎడమ భుజం రుద్దుకునేవాడు. ఏమైందన్నా అని భాయ్ అడిగితే, మగ్గం నొప్పిలే, పాతది అన్నాడు. నాకు మాత్రం ఆయన దగ్గర సరుకు అయిపోయిందని అర్థమైంది. ఆ వారమంతా ఇంట్లో జొన్నరొట్టె ఒకటి ఎక్కువే తిన్నాను.

శుక్రవారం నేనే జిల్లా సంగతి ఎత్తాను. రైలుందా మీకు అన్నాను. ఆయన నాలుగు మెట్లు ఎక్కాడు, నిలబడ్డాడు, గోడ కోసం చెయ్యి చాపాడు, కూర్చున్నాడు.

నేను చప్పట్లు కొట్టాను. ఆ పక్క మెట్ల మీద దిగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా కొట్టాను. "కూసున్నాడు సూడు భాయ్! ఎమ్మిగనూరు కూసుండాది!" అని, భాయ్ చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయాను.

గుడి దగ్గర పావుగంట ఉన్నాం. ఎమ్మిగనూరు రోడ్డు వైపు తిరిగి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. భాయ్‌కి కాలు నిలవలేదు.

"ఆయన మొగం బాగలేదన్నా. దిగుదాం."

"ఓడినోని మొగం ఇంకెట్లుంటాది? ఉండనీలే కాసేపు."

ఈ మాట అన్నది నేనే. ఇంకెవరో అన్నట్టు రాయాలని చూశాను, కుదరలేదు.

దిగి వచ్చేసరికి ఆయన అదే మెట్టు మీద ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. దవడ పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, "అయ్యిందా నీ గాలి?" అన్నాడు. గొంతు సగమే వచ్చింది.

నేనూ భాయ్ చేతులు కలిపి కట్టి, వాటి మీద ఆయన్ను కూర్చోబెట్టుకుని దిగాం. మధ్యలో ఎన్నిసార్లు ఆగామో తెలియదు. ఆటోలో ఆదోని ఆస్పత్రికి పోయాం. వాళ్ళు సూది వేసి, కర్నూలుకు తీసుకుపొమ్మని అంబులెన్సు ఎక్కించారు. దారి పొడవునా ఆయన్ను తిట్టాను. నాకు భయమేస్తే వచ్చేది అదే.

"వారం నుంచి నొప్పుందని ఆస్పత్రిలో సెప్తివి, ముందే మాకు సెప్తే నీ సొమ్మేం పోయేదప్పా?"

"సెప్తే కూసోమంటావు గదా," అన్నాడు.

గుండెలో రెండు చోట్ల స్టెంట్లు వేశారు. ప్రాణానికి ఫర్వాలేదు గానీ గుండె బలం తగ్గిందని, ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఇక కొండ అన్న మాట మర్చిపోవాలన్నాడు. ఆ ఇంకొంచెం అంటే ఎంత అని నేను అడగలేదు. ఆయన భార్య బయట వరండాలో నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు ఉండారు కాబట్టి సరిపాయె అన్నా. ఒక్కడే పోయింటే ఏమయ్యేదో" అని ఏడ్చింది. భాయ్ నేల చూపులు చూశాడు. "అంత మాట ఎందుకమ్మా" అన్నాను నేను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా అదే అన్నాను.

ఇంటికి తెచ్చాక రోజూ పొద్దున చూడ్డానికి పోయేవాణ్ణి. చెప్పేద్దామనే పోయేవాణ్ణి. పోగానే ఎవరో ఒకరు చుట్టాలు ఉండేవాళ్ళు. ఆమె వాళ్ళకు నన్ను చూపించి, "ఈ అన్నే మోసుకొచ్చినాడు. ఈయన పున్నెమే" అనేది. నేను టీ తాగి వచ్చేసేవాణ్ణి. నేతగాడు మంచం మీద నుంచి నన్నే చూస్తూ ఉండేవాడు. ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి ఆయన బావమరిది వచ్చి, నలుగురి ముందు నాకు శాలువా కప్పాడు. కప్పుకుని వీధంతా నడిచి ఇంటికొచ్చాను.

మరుసటి పొద్దున ఇంట్లో వాళ్ళిద్దరే ఉన్నారు. ఆమె టీ గ్లాసు తెచ్చింది. నేను తీసుకోలేదు.

"అమ్మా, ఆ పొద్దు ఆయన కూలబడితే నేను నిలబడలేదు. చప్పట్లు కొట్టి పైకి పోయినాను. పావుగంట ఉన్నాను. భాయ్ దిగుదామన్నా దిగనీలేదు."

ఆమె గ్లాసు కిటికీలో పెట్టింది. భర్త వైపు చూడలేదు.

"తెలుసన్నా. కర్నూల్లో కండ్లు తెరిసిన దినమే ఈయన సెప్పినాడు. రోజూ వస్తిరి, టీ తాగితిరి, పోతిరి. ఈ పొద్దు సెప్తారు, ఈ పొద్దు సెప్తారు అని సూస్తానే ఉంటి. అందరి ముందర మిమ్మల్ని పొగిడింది ఊరికే కాదు."