కళ్ళున్నవాడు

మా బావను కూర ఎలా ఉందని అడిగి మా అక్క చాలాసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉప్పెక్కువైతే ఉప్పెక్కువైందంటాడు, అంతే. వాన పడుతోందా అని అడిగితే కిటికీ దాకా వెళ్ళి చూసొచ్చి గానీ చెప్పడు. చప్పుడు వినబడుతోంది కదా బావా అంటే, “అది వానే అని నీకెవరు చెప్పారు? పైవాళ్ళ ట్యాంకు పొర్లుతుండొచ్చు” అంటాడు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్నందుకు మా అక్కకు ఎవరైనా సన్మానం చెయ్యాలి.

ఈ జబ్బు ఆయనకు బళ్ళో అంటుకుంది. సైన్సు టీచరమ్మ ఒకరోజు స్టవ్ మీద నీళ్ళు మరిగిస్తూ, అందులో థర్మామీటరు ముంచి, ఒక్కొక్కరినీ పిలిచి చూసింది రాయమంది. అందరూ పుస్తకంలో ఉన్నట్టు వంద అని రాశారు. బావ ఒక్కడే తొంభైమూడు అని రాశాడు. ఆవిడ పాడైపోయిన థర్మామీటరునే కావాలని పెట్టిందట. బావ భుజం మీద చెయ్యేసి, “ఈ క్లాసులో కళ్ళున్నవాడు వీడొక్కడే” అంది. ఇంట్లో గానీ బయట గానీ అంతకుముందు ఎవరూ మెచ్చుకోని పిల్లాడు. ఆ ఒక్క మాటనూ నెత్తిన పెట్టుకుని పెరిగాడు.

పై చదువులు అబ్బలేదు. బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు. ఆవిరి మోతాదు మించితే బాయిలర్ నెత్తిమీదున్న సేఫ్టీ వాల్వు దానంతటదే తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. అందాకా రాకుండా మీటరులో ముల్లు ఎక్కడుందో కనిపెట్టుకుని ఉండటమే బావ ఉద్యోగం. ఆయన కోసమే పుట్టించినట్టుండేది.

ఆయన తర్వాత షిఫ్టులో ఎక్కే మనిషి బావకు ప్రాణస్నేహితుడు. ఒక మధ్యాహ్నం అతనికి డ్యూటీ అప్పగించి వచ్చి బావ అన్నం ముందు కూర్చున్నాడు. కంచాలు అదిరేంత చప్పుడైంది. ఆరోజు మాత్రం కిటికీ దాకా వెళ్ళలేదు, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. బాయిలర్ గది గోడ లేదు. స్నేహితుణ్ణి భుజం మీది పుట్టుమచ్చ చూసి పోల్చింది బావే.

బాయిలర్లో నీళ్ళు అడుగంటేదాకా చూసుకోలేదని, అజాగ్రత్తతో తన ప్రాణం తనే తీసుకున్నాడని యాజమాన్యం చేతులు దులుపుకుంది. అసలు సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. పని త్వరగా తెమలాలని, ఆవిరి బయటికి పోకుండా సూపర్‌వైజరే సేఫ్టీ వాల్వును తీగతో కట్టేయిస్తున్నాడని చెప్పుకునేవాళ్ళు. పైకి మాత్రం ఎవడూ నోరు మెదపలేదు.

స్నేహితుడి భార్య మా ఇంటికొచ్చింది. “పోయిన మనిషి ఎలాగూ రాడన్నయ్యా. చేజేతులా చచ్చాడని మాత్రం రాయనివ్వకండి. రేపు నా పిల్లలు ఆ మాట వినకూడదు. మీ మాటంటే అందరికీ గురి” అంది. బావ తలూపాడు.

విచారణ రోజు బావను స్కూటర్ మీద నేనే తీసుకెళ్ళాను. ఫ్యాక్టరీల ఇన్స్‌పెక్టర్ గది తలుపు తెరిచే ఉంది. స్నేహితుడి భార్య పక్కన బయట బెంచీ మీద కూర్చున్నాను.

“వాల్వుకి తీగ కట్టి ఉండటం నువ్వు చూశావా?” అన్నాడు ఇన్స్‌పెక్టర్.

“చూడలేదండీ.”

“ఎవరైనా కడుతుంటే చూశావా?”

“చూడలేదండీ.”

“సరే, వెళ్ళు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బావ బయటికి రాగానే ఆమె లేచింది. “పదండన్నయ్యా, ఎండ ముదురుతోంది” అంది. దారంతా తిడుతూనే ఉన్నాను. “ఒక్క ముక్క చూశానంటే నీ సొమ్మేం పోయేది?” అన్నాను. “చూడందాన్ని చూశానని ఎలా చెప్పమంటావురా?” అన్నాడు బావ.

తప్పు చేసినవాడి ముఖం కాదది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. అయినా బావ రాత్రుళ్ళు నిద్రపోవడం లేదని అక్క ఏడుస్తుంటే, ఒక ఆదివారం ఆయన్ని ఆ టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ దర్జీ కొట్టు పైనున్న తన చెల్లెలి ఇంట్లో ఉంటోంది. వాచిన పాదాలు వేడినీళ్ళ బకెట్లో పెట్టుకుని కూర్చుంది. బావను గుర్తుపట్టలేదు. థర్మామీటరు సంగతి చెబితే నవ్వింది. “ఏటా ఆ ఆట ఆడించేదాన్నిరా. ఏటా ఎవడో ఒకడు దొరికేవాడు.”

బావ ముఖం చిన్నబోయింది. అయినా విచారణ సంగతంతా చెప్పి, శభాష్ అంటుందేమోనని ఆవిడ వైపే చూస్తూ నిలబడ్డాడు.

“కట్టడం చూడలేదన్నావు, బాగానే ఉంది. మరేం చూశావు?” అంది.

“డ్యూటీ దిగేటప్పుడు సూపర్‌వైజరు బాయిలర్ నిచ్చెన దిగి వస్తున్నాడు టీచర్. చేతిలో కటింగ్ ప్లేయరు, తీగచుట్ట ఉన్నాయి.”

ఇది మా అక్కకు కూడా చెప్పలేదాయన.

“ఆ మాట వాళ్ళకు చెప్పావా?”

“వాళ్ళు అడగలేదు టీచర్.”

ఆవిడ బకెట్లోంచి పాదాలు బయటికి తీసింది. “అడిగితేనే నోరు విప్పమని నేనెప్పుడు చెప్పానురా? చూడమన్నది కడుపులో దాచుకోడానికా?”

భయపడి దాచాడనుకుంటే నాకు సులువుగా ఉండేది. బావకు భయం లేదు. అడిగినదానికి తప్పులేని జవాబిచ్చానని ఇన్నాళ్ళూ లోలోపల తృప్తి పడ్డాడు. ఆ తృప్తి తల్చుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తుంది, జాలీ వేస్తుంది.

మర్నాడే ఇన్స్‌పెక్టర్ దగ్గరికి పరిగెత్తాం. “రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. తప్పు చచ్చినవాడిదేనని తేలిపోయింది. ఆరోజు నోట్లో ఏం పెట్టుకున్నావు?” అన్నాడు. బావ అక్కణ్ణించి ఇంటికి రానన్నాడు. నేరుగా స్నేహితుడి ఇంటికి పోనివ్వమన్నాడు.

ఆమె గుమ్మంలోనే ఎదురైంది. నిచ్చెన, ప్లేయరు, తీగచుట్ట, ఏదీ వదలకుండా చెప్పాడు బావ. ఆమె ద్వారబంధం పట్టుకుని అంతా విన్నది.

“పాపం, మీరేం చూడలేదనుకున్నానన్నయ్యా” అంది. “అందుకే ఇన్నాళ్ళూ మీ మీద కోపం కూడా రాలేదు నాకు.”

లోపల్నుంచి పిల్లలెవరో ఎవరొచ్చారమ్మా అని అడిగారు. ఎవరూ లేరని చెప్పి ఆమె తలుపేసుకుంది.