మిషిగన్ సిటీకి టెలిస్కోప్ కోసం

2009 మే నెల చివరి శనివారం, తెల్లవారుతుండగా మా ఆయన ఆనంద్ నన్ను బర్మింగ్‌హామ్ స్టేషన్‌లో దింపారు. మేముండే ట్రాయ్‌కి అదే దగ్గరి స్టేషన్. అక్కడ టికెట్ కిటికీ, కాఫీ కొట్టు, అడిగితే చెప్పే మనిషి ఏవీ ఉండవు. ఒక ప్లాట్‌ఫారం, దాని మీద చిన్న షెడ్డు, అంతే. మర్నాడు ఆదివారం మా తెలుగు చర్చిలో పిల్లల పాటల కార్యక్రమం. కీబోర్డ్ వాయించేది ఆయనే కాబట్టి నాతో రాలేకపోయారు. అమెరికా వచ్చిన మూడేళ్ళలో నేను ఒంటరిగా చేస్తున్న మొదటి ప్రయాణం అది.

"నిజంగా వెళ్తావా సుజా? ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే బాక్స్‌లో ఇంటికే వస్తుంది కదా," అన్నారు రైలు కనబడ్డాక కూడా.

ఎందుకు వెళ్తున్నానో నాకూ సరిగ్గా తెలియదు. విజయవాడలో ఒక మహిళా కళాశాలలో తొమ్మిదేళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. ప్రతి ఏడూ బోర్డు మీద దూరదర్శిని బొమ్మ గీసి, కిరణాలకు బాణం గుర్తులు పెట్టేదాన్ని. నా కంటితో మాత్రం ఒక్కసారీ దానిలోంచి చూడలేదు. ఇక్కడికి వచ్చాక, భర్త వెంట వచ్చినవాళ్ళకిచ్చే హెచ్‌ఫోర్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఆ ఖాళీలో టెలిస్కోపుల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అయోమయం పెరిగింది. నేను పాఠం చెప్పిన మాట ఒక్కటీ అక్కడ లేదు. ఎవరో "డాబ్ అమ్మబడును" అని రాస్తే డాబర్‌మాన్ కుక్కేమో అనుకున్నాను. చెక్కపెట్టెలో అటూ ఇటూ తిరిగే మామూలు అద్దాల టెలిస్కోప్‌ని అలా ముద్దుగా పిలుస్తారని తర్వాత తెలిసింది. చివరికి ఒక ప్రకటన నచ్చింది: "మా తమ్ముడు స్వయంగా అరగదీసి చేసిన ఆరంగుళాల అద్దం. వచ్చి చూసి తీసుకెళ్ళండి." ఊరు మిషిగన్ సిటీ. మిషిగన్‌లోనే కదా, దగ్గరే అనుకుని టికెట్ బుక్ చేసేశాను.

రైలు శుభ్రంగా ఉంది, నెమ్మదిగా ఉంది. గూడ్సు బండికి దారివ్వడానికి డియర్‌బోర్న్ దాటాక పావుగంట, జాక్సన్ దగ్గర మరో పావుగంట ఆగింది. అటు వెళ్ళేవాళ్ళు తిండి వెంట తీసుకెళ్ళడం మంచిది. కాఫీ దొరికే పెట్టెలో ఉన్నవల్లా చల్లటి శాండ్‌విచ్‌లే. నేను నిమ్మకాయ పులిహోర కట్టుకున్నాను. డబ్బా మూత తీయగానే, ఆన్ ఆర్బర్‌లో ఎక్కి నా ఎదుట కూర్చున్న కుర్రాడు తలెత్తి చూశాడు. పేరు శ్రీకాంత్, వరంగల్ వాడు. మాస్టర్స్ అయిపోయిందట. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికిచ్చే ఓపీటీ గడువు దాటిపోతోందని, ఇంటర్వ్యూ కోసం చికాగో వెళ్తున్నాడు. సగం పులిహోర అతనికి పెట్టాను. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"మిషిగన్ సిటీ మిషిగన్‌ల లేదక్కా, ఇండియానాల ఉంటది," అన్నాడు తింటూ.

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. ఫోన్ తీసి ఆనంద్‌కి మెసేజ్ పెట్టాను. ఆయన చాలాసేపటికి "ఓకే" అని జవాబిచ్చారు. ఆ ఓకేకి అర్థమేమిటో రైలు దిగేదాకా ఆలోచించాను.

నా గడియారం పదకొండున్నర చూపిస్తుండగా దిగాను. నాతో దిగినవాళ్ళు ఇద్దరే, వాళ్ళూ వెళ్ళిపోయారు. పక్కనే ఎక్కడో సరస్సు ఉన్నట్టు చల్లటి గాలి. అమ్మకందారు డోరతీ గారు పదకొండుకే వచ్చి ఉంటానని మెయిల్ రాశారు. ఆలస్యం నాదే కాబట్టి ఆవిడ చూసి వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. ఫోన్ చేసి క్షమాపణలు చెప్పుకున్నాను. ఆవిడకేమీ అర్థం కాలేదు. ఇంకా పదిన్నరే అయింది కదా, జుట్టు ఆరబెట్టుకుంటున్నానన్నారు. రాష్ట్రంతోపాటు గంట కూడా మారిందని అప్పుడు తెలిసింది. ఆ ఊరికి వెళ్ళేవాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి.

డోరతీ గారికి డెబ్బై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారట. పాత పికప్ ట్రక్కుని కూడా బస్సులాగే, ప్రతి మూలా దాదాపు ఆపి చూసుకుని తిప్పారు. దారిలో తమ్ముడు వాల్ట్ గురించి చెప్పారు. ఆవిడ ఇంట్లోనే ఉండేవాడు, పెళ్ళి చేసుకోలేదు. రెండేళ్ళ కింద చలికాలంలో పోయాడు. గరాజ్ అంతా అతని సామానే. ట్రక్కు మంచులో తడుస్తుంటే సామాను నీడన ఉండడం ఆవిడకు నచ్చలేదు, అందుకే అమ్మేస్తున్నారు.

టెలిస్కోప్ నా భుజం దాకా ఉంది. నీలం రంగు వేసిన గుండ్రటి గొట్టం, కింద చెక్కపెట్టె. ఇద్దరం మోసి వాకిట్లో పెట్టాం. పగలు కనుక దూరంగా ఏదైనా చూద్దామన్నాను. ఇళ్ళ కప్పుల మీదుగా విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్, దాని మీద తెల్లటి ఆవిరి కనిపిస్తున్నాయి. అచ్చం మా ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ టవర్‌లాంటిదే. అంత దూరం వచ్చి మొదట చూడబోయేది అదా అని నవ్వొచ్చింది.

చూశాను. ఏమీ లేదు. పాలు కలిపిన నీళ్ళలాంటి వెలుగు మాత్రమే. కంటి దగ్గరి గొట్టాన్ని ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను. కన్ను ఆనించే కటకం, ఐపీస్, మార్చాను. ఆవిడా ప్రయత్నించారు. మధ్యాహ్నం రెండయింది. ఆవిడ చీజ్ శాండ్‌విచ్ చేసిచ్చారు. తింటూ నేను కాగితం మీద బొమ్మ గీశాను, తొమ్మిదేళ్ళు గీసిన బొమ్మే. బొమ్మ ప్రకారం అంతా సరిగ్గా ఉంది, కనిపించడం మాత్రం లేదు. నాకు భయం వేసింది. టెలిస్కోప్ పాడైందని కాదు. నేను అంతకాలం చెప్పిందాంట్లో నాకేమైనా తెలుసా అని.

లోపల సాలెగూడు ఏమైనా ఉందేమోనని గొట్టం మూతి దగ్గర తలపెట్టి అడుగుకేసి చూశాను. అడుగున అద్దంలో నా ముఖం చిన్నగా, నిటారుగా కనిపించింది, కారు పక్క అద్దంలో కనిపించినట్టు. కొంతసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. పుటాకార దర్పణంలో దగ్గరి ముఖం పెద్దగా కనిపించాలి, చిన్నగా కాదు. చిన్నగా, నిటారుగా కనిపించిందంటే అది కుంభాకారం. కానీ ఆ గొట్టంలో కుంభాకార దర్పణానికి పనేమిటి?

"దీన్ని ఎవరైనా బయటికి తీశారా?" అని అడిగాను.

డోరతీ గారి ముఖం ఎర్రబడింది. కొనేవాళ్ళు వస్తున్నారని ముందువారం తీసి, గిన్నెల సబ్బుతో కడిగి, మళ్ళీ బిగించారట. "రెండు వైపులా ఒకేలా మెరిసింది," అన్నారు.

అడుగు మరలు విప్పి అద్దం తీశాం. వెనక వైపు కూడా నున్నటి గాజే కనుక ఆవిడ పొరపడ్డారు. పూత ఉన్న వైపు కిందికి తిరిగి ఉంది. గాజు వెనకనుంచి చూస్తున్నందువల్ల, లోపలికి వంగి కనిపించాల్సిన పూత బయటికి ఉబ్బి కనిపించింది. దాన్ని తిప్పి పెట్టడం క్షణం పని. ఆ తర్వాత అద్దాన్ని సరైన వాలులోకి తేవడానికి వెనక ఉన్న మూడు మరలతో కుస్తీ పట్టడం మాత్రం సాయంత్రం దాకా సాగింది. ఒకటి తిప్పితే బొమ్మ పోయేది, రెండోది తిప్పితే వచ్చి ఇంకోవైపు పోయేది. నేను కన్ను పెట్టి చెబుతుంటే ఆవిడ మరలు తిప్పారు. మాకు కుడి ఎడమలు కుదరలేదు. చివరికి తూర్పు పడమరల్లో మాట్లాడుకున్నాం.

ఐదు తర్వాత టవర్ కనిపించింది. తలకిందులుగా, అంచున ఉన్న నిచ్చెనమెట్లతో సహా. ఆవిరి కిందికి జారుతోంది. డోరతీ గారు చూసి, ఇది ఇంకా పాడయ్యే ఉందన్నారు. కాదని, అద్దాల టెలిస్కోప్ చూపించేదే అంతని, ఆకాశంలో కిందా మీదా ఉండవు కనుక ఎవరూ పట్టించుకోరని చెప్పాను. మూడేళ్ళ తర్వాత ఒక మనిషికి పాఠం చెప్పాను.

ఎండ ఇంకా ఉండగానే దక్షిణాన సగం చంద్రుడు తెల్లగా కనిపించాడు. గొట్టం అటు తిప్పి, ఒక గొయ్యి అంచు మీద ఎండ పడుతుండడం చూశాను. పుస్తకాల్లోని ఏ ఫోటోలోనూ అది అంత నిజంగా లేదు. తర్వాత పక్కకు జరిగి ఆవిడను పిలిచాను. ఆవిడ వంగి చూశారు, లేవలేదు. చంద్రుడు జరిగిపోతే అడక్కుండానే గొట్టాన్ని వెంట నెట్టడం నేర్చుకున్నారు. చాలాసేపటి తర్వాత నడుం పట్టుకుని నిలబడ్డారు.

"వాల్ట్ రోజూ పిలిచేవాడు. నాకు తెల్లవారుజామున నాలుగింటికి బస్సు, ఏడింటికే పడుకునేదాన్ని. సెలవుల్లో చూస్తాలే అనేదాన్ని," అన్నారు. తర్వాత నా వైపు చూడకుండా, "నేను దీన్ని అమ్మలేనమ్మా," అన్నారు.

ఫర్వాలేదండీ అన్నాను. ఫర్వా ఉంది. ఆవిడ నన్ను హైవే పక్క మోటెల్‌లో దింపి వెళ్ళిపోయారు. గది శుభ్రంగానే ఉంది, కిటికీ తెరుచుకోదు. పొద్దున్న వడ్డించుకోవడానికి కార్న్‌ఫ్లేక్స్, అరటిపండ్లు పెడతారు. ఆనంద్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "బాగుచేసింది నువ్వు, ఉంచేసుకుంది ఆవిడా? లాజిక్ లేదు," అన్నారు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, వెంటనే ఆయన మీద వచ్చింది. రిపేరు చేయకుండా ఉండి ఉంటే ఆవిడ నాకే ఇచ్చేసేవారు. ఆ పనికిరాని గొట్టాన్ని నేను ఇంటికి మోసుకొచ్చేదాన్ని. ఏది మేలో తేలక నిద్రపోయాను.

ఆదివారం స్టేషన్‌కి తీసుకెళ్ళడానికి డోరతీ గారు చెప్పిన వేళకే వచ్చారు. సీటు మీద ఒక గుడ్డ సంచి ఉంది. గరాజ్ అడుగు అరలో దొరికాయట, అర్ధరాత్రి దాకా వెతికారట. విప్పి చూస్తే రెండు మందపాటి గాజు బిళ్ళలు, ఇసుకలాంటి పొడి డబ్బాలు. వాల్ట్ రెండో అద్దం కోసం తెచ్చుకుని మొదలుపెట్టలేదు. ఒక బిళ్ళ మీద ఇంకోటి పెట్టి, మధ్యలో తడిపిన పొడి వేసి రుద్దుతూ పోతే పైది గుంటపడుతుందని, కిందది ఉబ్బుతుందని ఆవిడ గుర్తుచేసుకుంటూ చెప్పారు. "ఆ రుద్దుడు చప్పుడుకు నేను తిట్టేదాన్ని. నువ్వు చేసుకో. కుదరకపోతే ఫోన్ చెయ్యి. నాకూ తెలియదనుకో."

రైలు వచ్చేదాకా ఆవిడ నా పక్కనే నిలబడ్డారు. ఎక్కేముందు కౌగిలించుకున్నారు. నా కోపం ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు.

తిరుగు రైలు ఖాళీగా ఉంది. రెండు సమతలాలు ఒకదానికొకటి ఆనుకుని అరుగుతూ ఒకటి పుటాకారం, ఇంకొకటి కుంభాకారం కావడం ఎలా సాధ్యమో కలమజూ దాకా ఆలోచించాను. అంచుల దగ్గర కిందది, మధ్యలో పైది ఎక్కువ అరుగుతాయి కాబట్టి అనిపించింది. జాక్సన్ వచ్చేసరికి అదీ అనుమానమే అయింది. తొమ్మిదేళ్ళలో ఒక్క విద్యార్థినీ నన్ను అడగని ప్రశ్న. నేనూ ఎప్పుడూ అడుక్కోలేదు. ఈ ప్రయాణం వల్ల ఏం దొరికిందని ఎవరైనా అడిగితే, కొనబోయింది కొనలేదని, తెలుసనుకున్నది తెలియదని తేలిందని చెప్పాలి. అయినా ఆ నాలుగైదు గంటలూ నాకు విసుగనిపించలేదు.

బర్మింగ్‌హామ్‌లో ఆనంద్ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. సంచి అందుకోబోయి, అంత బరువుంటుందని అనుకోక ముందుకు తూలారు.

"ఏమున్నాయి ఇందులో?"

"గాజు బిళ్ళలు. ఒకదాన్ని రెండోదానితో రుద్దాలి. కొన్ని నెలలు పడుతుంది."

ఆయన నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి, "ఎక్కడ రుద్దుతావు?" అన్నారు.

"వంటగదిలో," అన్నాను. కారు దాకా ఆ సంచిని నేనే మోసుకెళ్ళాను.