బావ గొంతు, ఉన్నదున్నట్టు

పాటకు ఎకో పులిమేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నాచారంలో రేకుల షెడ్ల మధ్య చిన్న రికార్డింగ్ స్టూడియో నాది. పాడినవాళ్లు ఎదురుగా కూర్చుని పాడినట్టే వినబడాలి, ఊపిరి తీసుకోవడంతో సహా. ఈ చాదస్తం వల్ల గిరాకీలు చాలామంది పారిపోయారు.

మా అక్క భర్త లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆదివారం ఉప్పల్‌లోని మా చర్చిలో పాట ఎత్తేది ఆయనే. మా దగ్గర చదువు రాని పెద్దవాళ్లు ఎక్కువ. అందుకని ఒక లైను ఆయన పాడతాడు, అదే లైను మేమందరం అందుకుంటాం.

పోయిన ఏడాది ఆయన గొంతులో క్యాన్సర్ అని తేలింది. బతకాలంటే స్వరపేటిక తీసేయాల్సిందేనన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు అక్క ఫోన్ చేసింది.

"బావ గొంతు రికార్డుల పట్టి పెట్టురా. రేపటినుంచి చర్చిల పాట ఎవరెత్తాలె?"

స్టూడియోకు రమ్మనలేదు. ఆయన పాట ఆ చర్చి గోడల మధ్యదే, అక్కడే పట్టాలనుకున్నాను. మధ్యాహ్నం తలుపులు మూసి, ఫ్యాన్లు ఆపి, అక్క ఎప్పుడూ కూర్చునే బెంచీ దగ్గర ఆమె చెవుల ఎత్తులో రెండు మైకులు పెట్టాను. మెట్రో రైలు వచ్చినప్పుడల్లా ఆపి, అది పోయాక మళ్లీ మొదలుపెట్టాం. ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

"జర ఎకో పెట్టు బామ్మర్దీ, సినిమా పాట లెక్క ఉండాలె," అని బావ ఏడిపించాడు. అప్పటికే మాట బొంగురు పోయింది. ఆ బొంగురుతోనే, శ్రుతి తప్పకుండా పాడాడు. ప్రతి లైను తర్వాత మేము అందుకోవడానికి చోటు వదిలాడు. ఆ ఖాళీలో ఆయన ఊపిరి కూడా మైకుకు అందింది. ఇంత మంచి పని నేనెన్నడూ చేయలేదు. ఇంటికి పోతుంటే గర్వంగానూ ఉంది, ఏడుపూ ఆగలేదు.

ఆపరేషన్ అయి కాస్త కోలుకున్నాక, మెడకు రుమాలు కట్టుకుని బావ మొదటిసారి చర్చికి వచ్చాడు. ఆ ఆదివారం నా స్పీకర్లు మోసుకొచ్చి పాట పెట్టాను. మొదటి లైను వినబడగానే అందరూ బావ వైపు తిరిగారు. ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు, గొంతేమో స్పీకర్లలోంచి వస్తోంది. ఎవరూ లైను అందుకోలేదు. ఈలోగా రెండో లైను వచ్చేసింది. ఒక ముసలామె ధైర్యం చేసి మొదటి లైను అందుకునేసరికి మూడోది మొదలైంది. ఆమె కూడా ఊరుకుంది.

బావ లేచి వచ్చి, నా ముందు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆపేశాను.

స్పీకర్లు సర్దుతుంటే అక్క దగ్గరికొచ్చింది.

"మంచిగనే పట్టినవ్‌రా. అచ్చం బావనే. గని మేము ఆగితే అది ఆగుతలేదు. బావ ఆగెటోడు."

ఇన్నేళ్లు ఆ బెంచీల్లో కూర్చుని పాడినవాణ్ణి, నాకది తట్టనే లేదు. వెనకబడ్డవాళ్లు అందుకునేదాకా ఆయన మా మొహాలు చూస్తూ ఆగేవాడు. రికార్డింగ్ రోజున ఆయన ముందు పాట అందుకునేవాళ్లెవరూ లేరు. ఖాళీ బెంచీలను చూసి అంచనాగా చోటు వదిలాడంతే. ఆ ఫైలు మళ్లీ చర్చిలో పెట్టలేదు. స్టూడియోలో ఒక్కణ్ణే పెట్టుకుని వింటాను.

ఇప్పుడు పాట అక్క ఎత్తుతోంది. గొంతు అంతంతమాత్రం, తొందర ఎక్కువ. బావ ముందు బెంచీలో మా వైపు తిరిగి కూర్చుంటాడు. ఎవరైనా వెనకబడితే చెయ్యెత్తుతాడు, అక్క ఆగుతుంది. మొన్న ఆదివారం ఆయన్నే చూస్తూ నేను పాట మధ్యలో ఆగిపోయాను. నేను అందుకునేదాకా ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు.